ఎండ కాసిన రోజు విప్పిన స్వెట్టర్

ఫిబ్రవరి 11

అక్కా,

కవరు మీద నా రాత చూడగానే ఎవరికో ఏదో అయిందని గుండె చేత్తో పట్టుకుని ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. టీ పెట్టుకుని, కుర్చీ లాక్కుని చదువు. పొడుగు ఉత్తరం ఇది.

నాకు పెద్ద పని వచ్చింది. ఊరి బయట నది పక్కన ఒక వాలు నేల ఉంది, ఇన్నాళ్ళూ లారీలు తిప్పుకోవడానికి తప్ప దేనికీ పనికి రాలేదు. అక్కడ యుద్ధంలో పోయినవాళ్ళకి స్మారకం కడుతున్నారు. పైకప్పు లేదు, అంతా ఆరుబయటే. నల్లరాతి గోడ మీద పేర్లు, గోడ ముందు ఏడుగురు సైనికుల కంచు విగ్రహాలు. చాలామంది బొమ్మలు గీసి పంపారు, నాది ఒప్పుకున్నారు. కమిటీ పెద్దాయన రిటైరైన సైనికాధికారి. ఇంతకుముందు ఏం చేశారని అడిగితే బ్యాంకు గుమ్మం ముందు రెండు సింహాలు చేశానన్నాను. గర్జిస్తున్నాయా, కూర్చున్నాయా అన్నాడు. కూర్చున్నాయండీ అన్నాను. "అయితే పర్లేదు, మీకు ఓపిక ఉన్నట్టే" అన్నాడు.

నా బొమ్మలో ఎవరూ తుపాకీ ఎత్తి అరవడం లేదు. ఏడుగురూ చలిలో నడిచీ నడిచీ తిరిగొస్తున్నారు, అంతే. ఇత్తడి కుళాయిలు పోత పోసే మేస్త్రి కొడుకు మనుషుల్ని పోస్తున్నాడంటే నాన్న పగలబడి నవ్వేవాడు. తర్వాత రోడ్డు మీద కనిపించినవాడికల్లా చెప్పుకునేవాడు.

ఇక అసలు సంగతి. అడగాలా వద్దా అని వారం రోజులు నాలో నేను కొట్టుకున్నాను. కమిటీవాళ్ళు నమూనాకని యూనిఫాం స్వెట్టర్లు పంపారు. మిషన్ మీద అల్లినవి, గాజుపలకలా నున్నగా ఉన్నాయి. వాటిని కంచులో పోస్తే ఒంటికి రేకు చుట్టినట్టుంటుంది. నాకు చేత్తో అల్లింది కావాలి. నువ్వు మన గడకర్రకి, అదే నీ కొడుక్కి, అల్లిన బూడిదరంగు స్వెట్టర్ గుర్తొచ్చింది. ఎడమ చెయ్యి నాలుగు వేళ్ళు పొడుగు, మోచేతి దగ్గర ఊలు చాలక ఎర్రదారంతో కలిపావు. నా మేనల్లుడు దాన్ని వేసుకుని మా వర్క్‌షాపులోకి వస్తే తల గుమ్మానికి తగిలేది, చెయ్యి మోకాలికి తగిలేది.

వాడి మొహం పెట్టను. నీ అనుమతి లేకుండా ఏదీ పెట్టను. ఇది నీకు తప్పుగా అనిపిస్తే ఉత్తరం చింపి పొయ్యిలో వేసెయ్, నేను అడగనట్టే ఉంటాను.

చేతికి అంటుకున్న మైనం కవరుకి కూడా అంటించిన
నీ తమ్ముడు


ఫిబ్రవరి 24

తమ్ముడూ,

నీ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు. నాలుగుసార్లు చదివాను. ఐదోసారి చదువుతుంటే టీ పొంగి స్టవ్ ఆరిపోయింది. ఆ పాపం నీదే.

మా ఆసుపత్రి ఉతుకుల గదిలో కొత్త మిషన్ వచ్చింది. ఒకేసారి యాభై దుప్పట్లు మింగుతుంది. పాతదానికి అలవాటుపడ్డ నా చెవులకి కొత్తదాని చప్పుడు ఎక్కడం లేదు. ఆగిందో తిరుగుతోందో తెలియక మూత మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. నా కింద పనిచేసే ఆవిడ నవ్వుతుంది, "నాడి చూస్తున్నారా" అని.

స్వెట్టర్ పంపుతున్నాను. దిండు గలీబులో చుట్టి, పైన పాత దుప్పటి ముక్క కుట్టాను. కత్తెరతో పొడిచి తెరవకు, దారం చివర పట్టుకుని లాగితే ఊడొస్తుంది.

దీని గురించి నీకు ఒక సంగతి చెప్పలేదు. వాడు రాలేదు, వాడి మూట వచ్చింది కదా. అందులో ఇది కూడా వచ్చింది. అంత చలిలో స్వెట్టర్ లేకుండా ఎలా వెళ్ళాడా అని నాకు ఏడాదిపాటు నిద్ర పట్టలేదు. నేను అల్లిన చెయ్యి పొడుగైందని అందరూ నవ్వారేమో, అందుకే విప్పేశాడేమో అనుకున్నాను. పోయిన ఏడు వాడి పక్క మంచం కుర్రాడు ఉత్తరం రాశాడు. నెలన్నర మబ్బు తర్వాత ఆ రోజు ఎండ కాసిందట. అందరూ బయటికొచ్చి నిలబడ్డారట. వీడు స్వెట్టర్ విప్పి మంచం మీద పడేసి, "ఇవాళ దీనికి సెలవు" అన్నాడట. గంటలో పిలుపు వచ్చింది. అలాగే వెళ్ళిపోయాడు.

అంతేరా. ఎండ కాసిందని విప్పాడు.

దాన్ని ఉతకకు. దులపకు. ఎండలో ఆరెయ్యకు. ఎలా పంపానో అలాగే ఉండాలి. వాడి మొహం మాత్రం పెట్టొద్దు, నేను తట్టుకోలేను.

పెట్టె అడుగున వెతుకుతుంటే నాన్న పోసిచ్చిన ఇత్తడి క్లిప్పు దొరికింది. గుర్తుందా, నా జడ క్లిప్పు తీసుకుని ఇసుకలో ఒత్తి పోశాడు. రెండూ పెట్టుకుని బడికెళ్ళాను, ఇత్తడిది బరువెక్కువై తల ఒకవైపు వాలిపోయింది. నువ్వు రోజంతా మెడ వంచుకుని నన్ను వెక్కిరించావు.

వేళకి తిను. నీ దగ్గు ఎలా ఉందో రాయలేదు.

పెద్ద మిషన్‌తో పోట్లాడుతున్న
నీ అక్క


మార్చి 19

అక్కా,

దారం లాగాను, ఊడొచ్చింది. కత్తెర ముట్టుకోలేదు.

ఎండ సంగతి చదివాక రెండు రోజులు పని చెయ్యలేదు. మట్టి తడిపి గుడ్డ కప్పడం, గుడ్డ తియ్యకుండానే ఇంటికెళ్ళడం. మూడో రోజు ఏడో సైనికుణ్ణి పడగొట్టాను. మట్టి మనిషే, కంగారు పడకు. ఇప్పుడు ఆరుగురు నడుస్తున్నారు. ఏడోవాడు మడత మంచం మీద కూర్చుని ఉంటాడు. కళ్ళు మూసుకుని మొహం ఎండకి ఎత్తి ఉంటాడు. పక్కన మంచం మీద ఇప్పుడే విప్పి పడేసిన స్వెట్టర్. మొహం ఎవరిదీ కాదు. పదిమంది మొహాలు కలిపి చేశాను, నువ్వు భయపడకు.

కమిటీ పెద్దాయనకి చూపించాను. మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు. "సైనికుడు విశ్రాంతి తీసుకుంటున్నట్టు ఉంటే ఎలా" అన్నాడు. ఎండ సంగతి చెప్పాను. ఎవరని చెప్పలేదు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, మంచం కాళ్ళు ఇంకొంచెం సన్నగా ఉండేవని చెప్పి వెళ్ళిపోయాడు.

ఉతకొద్దన్నావు, ఉతకలేదు. నీ మనసు నాకు అర్థమైంది. మోచేతి మీద మరక, మెడ దగ్గర సాగిన ఊలు, చంక కింద జారిన కుట్టు, అన్నీ అలాగే దిగాలి. మెడ చుట్టూ కుట్లు లెక్కపెట్టాను, తొంభై నాలుగు. కంచులో కూడా తొంభై నాలుగూ వస్తాయి, ఒక్కటి తగ్గినా నన్నడుగు.

దగ్గు ఉంది. నేనూ ఉన్నాను. ఇద్దరం కలిసే ఉంటున్నాం.

తమ్ముడు


ఏప్రిల్ 6

తమ్ముడూ,

తొంభై నాలుగు కాదు, తొంభై ఆరు. అల్లింది నేను. సూది మీద వేసేటప్పుడు పైకి లెక్కపెడుతుంటే వాడు పక్కన కూర్చుని కావాలని తప్పు అంకెలు చెప్పేవాడు, మూడుసార్లు విప్పి వేశాను. ఆ అంకె నేను చచ్చినా మర్చిపోను. ఆ రెండు కుట్లూ నువ్వు ఎక్కడ మింగావు? కళ్ళద్దాలు మార్చు.

మంచం మీద ఎండకి కూర్చున్న మనిషిని తలుచుకుంటే బాగానే ఉంది. ముందు బెంగగా అనిపించింది, తర్వాత కాస్త నెమ్మదించింది. నీ చేతిలో ఏదో ఉందిరా. నాన్న దగ్గర లేనిది.

అన్నట్టు, మే ఇరవై వాడి పుట్టినరోజు. అప్పటికి నీ పని అయిపోతుంది కదా, స్వెట్టర్ పంపించెయ్. పోస్టులో వద్దు, అటు నుంచి మా ఆసుపత్రికి మందులు తెచ్చే వ్యాను డ్రైవరు నమ్మకస్తుడు, ఆయన చేతికివ్వు. అదే గలీబులో చుట్టు, వేరే దాంట్లో పెట్టకు. ఇన్నాళ్ళూ నీకు చెప్పడానికి సిగ్గేసింది. ఊరంతటి బట్టలూ ఉతికే దాన్ని, ఆ ఒక్కటీ ఉతకలేదు. దానికి ఇంకా వాడి వాసన ఉంది. మెడ దగ్గర, లోపలివైపు. రోజూ తియ్యను, తీస్తే పోతుందని భయం. ఆదివారం ఒక్కసారి తీసి, ఒకే ఒక్క ఊపిరి పీల్చి, మళ్ళీ చుట్టేస్తాను. నీ దగ్గరికి వెళ్ళాక ఐదు ఆదివారాలు ఖాళీగా పోయాయి. ఏం చెయ్యాలో తోచక గది తుడిచాను.

నవ్వకు.

అక్క


ఏప్రిల్ 8

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు కానీ ఆగలేక రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం స్వెట్టర్ పోత పోశాం. వచ్చింది అక్కా. ఎక్కడా లొట్ట లేకుండా, పోగు పోగూ వచ్చింది.

నీకు చెప్పాలి, నువ్వు కుళాయిల మేస్త్రి కూతురివి, నీకే రుచి తెలుస్తుంది. ముందు మైనం కరిగించి స్వెట్టర్‌ని అందులో ముంచాను. తేనెరంగు తిరిగింది. దాన్ని మంచం మీద వాడు పడేసినట్టే పడేశాను. చేతులతో సర్దలేదు, నిజంగానే కాస్త దూరం నుంచి విసిరాను. పొడుగు చెయ్యి మంచం అంచు మీంచి కిందికి వేలాడింది. మైనం గట్టిపడ్డాక లోహం పారడానికి మైనపు కడ్డీలు అతికించి, చుట్టూ ప్లాస్టర్ మూస కట్టాం. రెండు రోజులు బట్టీలో కాల్చాం. మైనమూ ఊలూ లోపలే కాలి, ఆవిరై, స్వెట్టర్ ఆకారంలో ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో కంచు పోశాం. ఒక్కసారే. తప్పితే మళ్ళీ పోయడానికి ఏమీ ఉండదు కదా. మా మూస మేస్త్రి ముప్ఫై ఏళ్ళుగా పోతలు పోస్తున్నాడు, ఆయన కూడా పోసేటప్పుడు ఊపిరి బిగబట్టాడు.

ఇవాళ పొద్దున మూస పగలగొట్టాను. ముందు మెడ బయటపడింది. తర్వాత ఆ ఎర్రదారం ముడులు. అక్కా, బట్ట ఎప్పటికైనా చివికిపోతుంది, ఊలుకి పురుగు పడుతుంది. ఇది వెయ్యేళ్ళు ఉంటుంది. నీ చేతి అల్లిక వెయ్యేళ్ళు ఉంటుంది. వాడికి నేను చెయ్యగలిగింది ఇదొక్కటే.

మూస మేస్త్రి వేలితో కుట్టు వెంబడి రాసి, "ఎవరల్లారో గానీ చెయ్యి గట్టిది" అన్నాడు. మా అక్క అన్నాను.

సంతోషంతో ఏడుస్తున్న
తమ్ముడు


ఏప్రిల్ 21

కాల్చావా?

నీ ఉత్తరం పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. నేను తప్పుగా చదివానేమో అని మా ఉతుకుల గదిలో ఆవిడ చేత చదివించాను. ఆవిడ చదివి తల దించుకుంది.

చూడటానికి అడిగావు, పంపాను. నమూనాకని అడిగావు, పంపాను. మన ఇంట్లో నమూనాగా తీసుకున్నది ఏదైనా కాలిపోయిందా? నాన్న కొయ్య కుళాయి ఇసుకలో ఒత్తి, పైకి తీసి, తుడిచి అటకమీద పెట్టేవాడు. అదే కొయ్యతో ముప్ఫై ఏళ్ళు పోశాడు. నా క్లిప్పు తీసుకున్నాడు, సాయంత్రానికి తిరిగిచ్చాడు. పోత అంటే నాకు తెలిసింది అది. కాల్చడమని నాకెవరు చెప్పారు?

వాణ్ణి మొదట పంపింది కూడా నువ్వే. సైన్యంలో చేరే కాగితం మీద నేను సంతకం పెట్టనంటే నీ దగ్గరికొచ్చాడు. మేనమామ సంతకం చాలన్నారు, నువ్వు పెట్టావు. అప్పుడు నోరెత్తలేదు నేను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అన్నానా? ఇవాళ అంటున్నాను. ముందు వాణ్ణి తీసుకున్నావు. ఇప్పుడు వాడి వాసన తీసుకున్నావు.

వెయ్యేళ్ళు ఎవరికి కావాలి? నాకు ఆదివారాలు కావాలి.

ఆ మంచం మీద ఎవడో కూర్చుంటాడు. ఎండకి మొహం పెట్టుకుని హాయిగా కూర్చుంటాడు. పక్కన నా కొడుకు స్వెట్టర్. నా కొడుకు లేడు. వాడి చోట ఎవడో.


ఏప్రిల్ 30

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ చేరాయి. ఆరో తారీకుది నా పోత అయిపోయాక వచ్చింది. పుట్టినరోజుకి పంపమన్నది, ఆదివారం సంగతి, అన్నీ చదివాను. వర్క్‌షాపు మెట్ల మీద కూర్చుని చదివాను.

నాన్నది ఇసుక పోత. నాది మైనపు పోత. నేను ఇల్లొదిలి వచ్చాక నేర్చుకున్నది. నువ్వెప్పుడూ చూడలేదు. చూడలేదన్న సంగతే నాకు తట్టలేదు. పోతల ఇంట్లో పుట్టినదానివి, నీకు వేరే చెప్పేదేముంటుందని అనుకున్నాను. క్లిప్పు సంగతి నీ ఉత్తరంలోనే రాశావు. వెనక్కి ఇస్తారని అనుకుంటున్నావని అక్కడే ఉంది. నేను చదివి, నీ తల ఒకవైపు వాలడం గుర్తొచ్చి నవ్వుకున్నాను. నవ్వుకుని పక్కన పెట్టాను.

ఉతకొద్దంటే మరకలు పోకూడదని అనుకున్నాను. వాసన సంగతి నాకు తెలియదు. తెలిస్తే చేతులు నరుక్కునేవాణ్ణి గానీ ముట్టుకునేవాణ్ణి కాదు.

ఇక సంతకం మాట. వాడు వర్క్‌షాపుకొచ్చి, "మావయ్యా, నువ్వు కాదంటే ఇంకెవరినీ అడగను" అన్నాడు. కాదంటే నా మీద అలుగుతాడని పెట్టాను. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, లేదు.

రమ్మంటే ఇప్పుడే బస్సెక్కుతాను. ఒక్క మాట రాయి.

తమ్ముడు


జూన్ 2

అక్కా,

నెల దాటింది. మొన్న మీ ఊరు వచ్చాను. ఆసుపత్రి వెనక వీధిలో గంటసేపు నిలబడ్డాను. ఉతుకుల గది కిటికీలోంచి ఆవిరి వస్తోంది. నువ్వు తొట్టి తోసుకుంటూ బయటికొచ్చావు, నన్ను చూశావు. చూసి తొట్టి వెనక్కి తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయావు. నేను మళ్ళీ బస్టాండుకి నడిచాను.

మే ఇరవైన ఏం చేశావో తలుచుకోలేకపోతున్నాను.

వర్క్‌షాపంతా వెతికాను. స్వెట్టర్‌ది ఒక్క పోగు కూడా మిగల్లేదు. కానీ నువ్వు చుట్టిన దిండు గలీబు ఉంది. మేకుకి తగిలించి ఉంది, ఎవరూ వాడలేదు. స్వెట్టర్ దాంట్లో ఇన్నేళ్ళు ఉంది కదా, ఏమైనా పట్టి ఉంటుందేమో. నేను వాసన చూడలేదు. చూస్తే తగ్గుతుందేమోనని భయమేసింది. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఆ వ్యాను డ్రైవరు చేతికే ఇచ్చాను.

తమ్ముడు


జూన్ 15

గలీబు చేరింది.

ఆదివారం దాకా ఆగాను. తలుపు వేసుకుని, సంచి విప్పి, ఒకే ఒక్క ఊపిరి పీల్చాను.

మైనం వాసన. పొగ. నీ వర్క్‌షాపు.

ఇంకోసారి పీల్చాను. ఎక్కడైనా కొంచెం దాక్కుని ఉంటుందేమో అని మూలలన్నీ చూశాను. లేదు. మేకుకి మూడు నెలలు వేలాడితే ఏం మిగులుతుంది?

నువ్వు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. తెలిసి ఉండటం వల్ల నాకేమీ తేలిక కావడం లేదు. కావాలని చేసినవాడైతే తిట్టి పారేసేదాన్ని. నిన్నేం చెయ్యను? నిన్ను ఈ చేతులతో పెంచాను.

గలీబు ఉతికేశాను. కొన్నాళ్ళు రాయకు.


సెప్టెంబర్ 28

అక్కా,

రాయొద్దన్నావు, మూడు నెలలు రాయలేదు. ఇది ఒక్కటి చదువు.

ఏడోవాణ్ణి తీసేశాను. పోత అయిపోయిన మనిషి, సానబెట్టడం కూడా అయిపోయింది. వర్క్‌షాపు వెనక గోడకి ఆనించి, గోనె కప్పాను. ఇప్పుడు ఆరుగురు నడుస్తుంటారు. గోడ పక్కన ఖాళీ మడత మంచం. దాని మీద స్వెట్టర్. అంతే.

కమిటీ పెద్దాయనతో రెండు వారాలు నడిచింది. ఏడుగురని అందరికీ చెప్పామన్నాడు, జనం ఆరుగురిని లెక్కపెట్టి ఏడోవాడేడని అడుగుతారన్నాడు. అడగనివ్వండి అన్నాను. బల్ల మీద గుద్దాడు. నేనూ గుద్దాను. ఆయన టీ ఒలికింది. నేను జీవితంలో మొదటిసారి పై మనిషి మీద గొంతు పెంచాను అక్కా, నువ్వుంటే నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగేదానివి. చివరికి, "ఆ స్వెట్టర్ ఎవరిది?" అని అడిగాడు. నా మేనల్లుడిది అన్నాను. ఒలికిన టీ తన రుమాలుతో తుడిచాడు. "అయితే ఆ మంచం మీద ఇంకెవరూ కూర్చోకూడదు" అన్నాడు. ఆయనే సంతకం పెట్టాడు.

నువ్వన్న మాట నిజం. వాడి చోట ఎవడో కూర్చోకూడదు. అది నాకు తట్టాల్సింది. నువ్వు తిడితే గానీ తట్టలేదు.

నవంబర్ తొమ్మిదిన పొద్దున పదింటికి తెర తీస్తారు. ముందు వరసలో నీకొక కుర్చీ ఉంటుంది. నువ్వు రాకపోయినా దాంట్లో ఎవర్నీ కూర్చోనివ్వను.

తమ్ముడు


నవంబర్ 11

అక్కా,

తెర తీశారు. కుర్చీ ఖాళీగానే ఉంది. నేను దాని పక్కన నిలబడ్డాను.

జనం ఏడోవాడేడని అడగలేదు. ఒక్కరు కూడా. మంచం దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ తగ్గాయి.

ఆ రోజు మబ్బు పట్టింది.

తమ్ముడు


నవంబర్ 30

తమ్ముడూ,

మొన్న గురువారం వచ్చాను. నీకు చెప్పలేదు. చెప్తే నువ్వు నా మొహమే చూస్తూ నిలబడతావు, నేను స్వెట్టర్‌ని చూడలేను.

మొదటి బస్సుకి బయల్దేరాను. నేను వెళ్ళేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు. కాపలా మనిషి ఒకడు గడ్డి మీద ఆకులు ఊడుస్తున్నాడు. నీ ఆరుగురినీ దాటుకుని వెళ్ళాను. మూడోవాడి కాలి మేజోడు జారి ఉంది, ఎవరైనా పైకి లాగితే బాగుండుననిపించింది. బాగా చేశావు.

మంచం మీద ఓ పక్కన కూర్చోబోతే కాపలా మనిషి చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "కూర్చోకూడదమ్మా, ఎవరినీ కూర్చోనివ్వొద్దని ఆర్డరు" అన్నాడు. "స్వెట్టర్ అల్లింది నేను" అన్నాను. అతను చీపురు కింద పెట్టేశాడు. తన గదిలోంచి స్టూలు తెచ్చి మంచం పక్కన వేసి, దూరంగా వెళ్ళి ఆకులు ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు.

ముందు ముట్టుకుంటే మంచులా ఉంది. మెడ చుట్టూ లెక్కపెట్టాను. తొంభై ఆరు. తప్పు నీదే. మడత కింద రెండు దాక్కున్నాయి. ఎర్రదారం ముడులు ఉన్నాయి, ఎరుపు లేదు. పొడుగు చెయ్యి అంచు ఒకసారి పైకి మడిచి ఉంది. అది నువ్వు మడిచావేమో అనుకున్నాను. కాదు, మూటలోంచి తీసినప్పుడు కూడా అలాగే ఉంది. వాడు మడిచిందే. నేను ఇన్నేళ్ళూ దాన్ని విప్పలేదు, నువ్వూ విప్పలేదు.

ముక్కు ఆనించాను. సిగ్గుపడలేదు. చిల్లర నాణేల వాసన వచ్చింది. అంతే. ఏదో ఉంటుందని వెళ్ళాను కాబోలు, అప్పుడు ఏడుపొచ్చింది. వాడి వాసన ఎలా ఉండేదో తలుచుకోబోయాను. రాలేదురా. తొమ్మిది నెలల్లో అదీ పోయింది నా దగ్గర నుంచి. ఊరంతా వెతికినా ఇంక దొరకదు. ఇది నీకు రాయకూడదనుకున్నాను, నువ్వు తిండి మానేస్తావని. కానీ రాయకపోతే నీకూ నాకూ మధ్య ఉతకని మాట ఒకటి ఉండిపోతుంది.

నీ మీద కోపం పోయిందని రాయలేను. పోలేదు. నిన్ను చూడాలని ఉంది, అది కూడా పోలేదు. రెండూ ఒకే ఇంట్లో ఉంటున్నాయి, నువ్వూ నీ దగ్గూ ఉన్నట్టు.

లేద్దామనుకునేసరికి పదకొండయింది. మబ్బు విడిపోయి గోడ మీంచి ఎండ మంచం మీదికి దిగింది. అలాగే కూర్చున్నాను. ఒంటిగంటకి ఎందుకో మెడలోంచి లోపలికి చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

కంచు ఎండకి వేడెక్కుతుందని నువ్వు నాకు చెప్పలేదు. వాడు చిన్నప్పుడు ఆడుకుని వచ్చి, చొక్కా విప్పి నా ఒళ్ళోకి విసిరేవాడు. అప్పుడు ఉండేది ఆ వెచ్చదనం. విప్పిన నిమిషంలో ఉండేది, అంతే, మళ్ళీ ఉండేది కాదు. ఇది వాడు కాదని నాకు తెలుసు. ఎండ అని తెలుసు. అయినా చెయ్యి తియ్యలేకపోయాను. ఆ రోజు మంచం మీద పడేసి వెళ్ళాడు కదా, అప్పుడూ ఇలాగే ఉండి ఉంటుంది. పట్టుకోవడానికి ఎవరూ లేరు.

నాలుగున్నరకి గోడ నీడ పడింది. ముందు వేలాడే చెయ్యి చల్లబడింది, తర్వాత మెడ. పూర్తిగా చల్లబడేదాకా ఉన్నాను. స్టూలు అతనికి ఇచ్చేసి ఐదింటి బస్సు ఎక్కాను.

అక్క